అర మిల్లీమీటరు వణుకు

కారున్న ఇంట్లో మొదటి పండగ కారు గుమ్మంలోకి వచ్చిన రోజు. రెండో పండగ... దానికి అల్లాయ్‌ చక్రాలు వేయించిన రోజు! నల్లటి ఇనుప రిమ్ములూ వాటి మీది ప్లాస్టిక్‌ మూతలూ పోయి తళతళలాడే చక్రాలు వస్తాయి. కారు వయసు నాలుగేళ్లు తగ్గినట్టుంటుంది. చక్రాల కింద నిమ్మకాయలు పెడతారు. కొబ్బరికాయ కొడతారు. పక్కింటాయన వచ్చి 'ఎంతయిందేంటి?' అని అడిగి, విని, కళ్లు పెద్దవి చేసి వెళతాడు. వీధుల్లో రెండు చుట్లు తిప్పితే ఏ లోపమూ తెలియదు. అసలు కథ హైవే ఎక్కాకే. స్పీడోమీటరు ముల్లు 80 దాటగానే స్టీరింగు సన్నగా వణుకుతుంది. 90 దగ్గర ఆ వణుకు మోచేతుల దాకా పాకుతుంది. 110 దాటితే మళ్లీ తగ్గినట్టే ఉంటుంది. అంత వేగంగా వెళ్లి వణుకు తగ్గించుకోవాలని ఎవరికి మాత్రం ఉంటుంది?

కొత్త చక్రాలు వేయించుకున్న చాలామందికి ఇది అనుభవమే. చిత్రమేమిటంటే, డబ్బు పోసి కొన్న కొత్త వస్తువు మీద మనకు అనుమానం రాదు. పాతదాని మీదే వస్తుంది. కారు పాతబడిందంటారు. రోడ్డు బాగాలేదంటారు. ఒక్కోసారి నడిపే మనిషే పాతబడ్డాడనీ అంటారు. తుమ్మపాలలో అలాగే జరిగింది.

వణికేది ఎవరు?

అనకాపల్లి నుంచి చోడవరం వెళ్లే దారిలో ఉంటుంది తుమ్మపాల. చెరకు ఊరు. అక్కడి చక్కెర ఫ్యాక్టరీ ఆడిన సీజన్లలో చెరకు బళ్లు బారులు తీరేవి. ఆ ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరైన ఓ పెద్దాయనకు 68 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న కొడుకు సంక్రాంతికి వచ్చి, తండ్రి పాత ఐ20కి 15 అంగుళాల అల్లాయ్‌ చక్రాలూ కొత్త టైర్లూ వేయించాడు. 'మీకు గిఫ్టు నాన్నా' అన్నాడు. పెద్దాయన పైకి 'ఇప్పుడివి ఎందుకురా' అన్నా, కొడుకు వెళ్లాక రోజూ పొద్దున్నే తడిగుడ్డతో చక్రాలు తుడిచేవాడు.

ఆయన కారు తీసేది రెండు పనులకే. ఒకటి, అనకాపల్లి బజారు. రెండోది, నెలకోసారి భార్యను విశాఖపట్నంలో గుండె డాక్టరుకు చూపించి తీసుకురావడం. బజారుకు వెళ్లినన్నాళ్లూ కారులో ఏ తేడా లేదు. ఊరి రోడ్డు మీద 40 దాటాలంటే గేదెలూ ఆటోలూ ఒప్పుకోవు కదా! డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజు వచ్చింది. అనకాపల్లి దాటి, 16వ నంబరు జాతీయ రహదారి మీద లంకెలపాలెం వైపు సాగుతుండగా ముందు ఆవిడే గమనించింది.

'ఏవండీ... మీ చేతులు వణుకుతున్నాయేంటి?'

ఆయన మాట్లాడలేదు. స్టీరింగును ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. గట్టిగా పట్టుకుంటే వణుకు భుజాలకెక్కింది. తిరుగు ప్రయాణంలోనూ అంతే. ఆ రాత్రి ఆవిడ కొడుక్కి ఫోన్‌ చేసింది. 'నాన్నగారి చేతులు వణుకుతున్నాయిరా. ఏదైనా నరాల జబ్బేమో...' అంది. కొడుకు కంగారుపడ్డాడు. ఇక మీదట హైవే ఎక్కొద్దన్నాడు. డ్రైవర్ని మాట్లాడతానన్నాడు. ముందు మంచి డాక్టరుకు చూపిద్దామన్నాడు.

పెద్దాయనకు తెలుసు, ఇంట్లో టీ గ్లాసు పట్టుకున్నప్పుడు తన చేయి వణకడం లేదని. కానీ ఆ మాట చెప్పాలంటే తర్వాతి మాట కూడా చెప్పాలి... 'నువ్విచ్చిన చక్రాలు వణుకుతున్నాయిరా' అని. ముచ్చటపడి తెచ్చిన బిడ్డతో ఆ మాట అనడానికి నోరు రాలేదు. అలా ఓ చక్రం సంగతి కాస్తా ఓ మనిషి కారు నడపగలడా లేదా అన్న సంగతి అయి కూర్చుంది.

బెల్లం ముక్కంత బరువు

వణుకు ఎందుకొస్తుందో తెలుసుకోవడానికి కారు దాకా వెళ్లక్కర్లేదు. ఇంట్లో వాషింగ్‌ మెషీన్‌ చాలు. బట్టలు పిండే సమయంలో తడి దుప్పటి ఒక పక్కకు ముద్దగా చేరిందంటే మెషీన్‌ దడదడలాడుతుంది, ఉన్నచోటు నుంచి జరుగుతుంది కూడా. మెషీన్‌ పాడవలేదు. బరువు ఒక పక్కకు చేరింది, అంతే. చక్కెర ఫ్యాక్టరీలోనూ ఇదే తంతు. పలుకులు కట్టిన చిక్కటి పాకాన్ని సెంట్రిఫ్యూగల్‌ యంత్రం గిర్రున తిప్పి, చక్కెరను ఉంచుకుని మొలాసిస్‌ను బయటికి తోసేస్తుంది. బుట్టలో పాకం చుట్టూ సమంగా పరుచుకోకపోతే యంత్రం ఊగిపోతుంది. పెద్దాయన ఉద్యోగమంతా ఇలాంటి ఊపులను వింటూనే గడిచింది.

కారు చక్రమూ అలాంటిదే. అనకాపల్లి బెల్లం దిమ్మ నుంచి 30 గ్రాముల ముక్క విరిచి 15 అంగుళాల రిమ్ము అంచుకు అతికించామనుకుందాం. కారు నిలబడి ఉంటే అది 30 గ్రాములే. గంటకు 45 కిలోమీటర్ల వేగంలో మాత్రం ఆ ముక్క చక్రాన్ని బయటికి లాగే బలం దాదాపు కిలో బరువంత. 90 కిలోమీటర్ల వేగానికి అది దాదాపు 4 కిలోలు. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు అవుతుంది మరి! 90లో చిన్నకారు చక్రం సెకనుకు 12, 13 చుట్లు తిరుగుతుంది. అంటే సెకనుకు అన్నిసార్లు ఎవరో 4 కిలోల బలంతో చక్రాన్ని పైకీ కిందికీ, ముందుకూ వెనక్కూ గుంజుతున్నట్టు! ఊరి రోడ్డు మీద దాక్కున్న లోపం హైవే మీద బయటపడేది ఇందుకే.

మరి 110 దాటాక తగ్గినట్టు ఎందుకుంటుంది? ఊయల ఊపినప్పుడు సరిగ్గా వెనక్కి వచ్చిన క్షణంలో తోస్తే కొద్ది బలానికే ఎంతో ఎత్తుకు వెళుతుంది. వేళ తప్పి తోస్తే ఊపు పడిపోతుంది. కారు ముందు చక్రాలకూ, వాటిని పట్టుకున్న స్ప్రింగులకూ, స్టీరింగుకూ తమదైన ఊపు ఒకటి ఉంటుంది. చక్రం కుదుపులు ఆ ఊపుతో కలిసే వేగంలో వణుకు పెరుగుతుంది, దాటితే తగ్గుతుంది. తగ్గినంత మాత్రాన బాగైనట్టు కాదు. ఆ దెబ్బలు బేరింగులకూ టైర్లకూ తగులుతూనే ఉంటాయి.

వణుకు భాష

రోగి చెప్పే మాటను బట్టి డాక్టరు జబ్బును పట్టుకున్నట్టే, వణుకు వచ్చే తీరును బట్టి మెకానిక్కు తప్పు ఎక్కడుందో పట్టుకోవచ్చు. స్టీరింగులో వణుకు తెలిస్తే ముందు చక్రాల మీద అనుమానం. సీటులో, కాళ్ల కింద తెలిస్తే వెనక చక్రాల మీద. ఒక వేగం దగ్గర మొదలై, పెరిగి, మళ్లీ తగ్గితే చక్రం బరువో, మధ్యకు కూర్చోకపోవడమో కారణం. 20, 30 వేగంలోనే కారు కుంటుతున్నట్టుంటే రిమ్ము వంగిందేమో, టైరు లోపలి పొర విడిపోయి ఉబ్బిందేమో చూడాలి. బ్రేకు తొక్కినప్పుడే స్టీరింగు కొట్టుకుంటే బ్రేకు డిస్కుల వంతు. యాక్సిలరేటరు తొక్కినప్పుడే వణికి, వదలగానే ఆగిపోతే ఇంజిను నుంచి చక్రానికి బలం అందించే షాఫ్టుల వంతు.

ఇంత తేలికైన లెక్క ఉన్నా, పెద్దాయన తిరగని చోటు లేదు. మొదట చూపించిన చోట బాల్‌ జాయింట్లూ రబ్బరు బుష్షులూ మార్చాలన్నారు. వేలల్లో లెక్క రాసిచ్చారు. అరిగిన జాయింట్లు వణుకును పెంచే మాట నిజమే. కానీ సంక్రాంతి ముందు రోజు దాకా వణకని జాయింట్లు కనుమ నాటికి ఒక్కసారిగా అరిగిపోతాయా? రెండోచోట వీల్‌ అలైన్‌మెంట్‌ చేశారు. దీన్నీ బ్యాలెన్సింగ్‌నూ ఒకటే అనుకునేవాళ్లు చాలామంది. అలైన్‌మెంట్‌ అంటే చక్రాలు చూసే దిక్కును సరిచేయడం. అది తప్పితే కారు ఒక పక్కకు లాగుతుంది, టైరు ఓ అంచున అరిగిపోతుంది. బ్యాలెన్సింగ్‌ అంటే చక్రం చుట్టూ బరువును సమం చేయడం. మామూలుగా స్టీరింగు వణికించేది రెండోదే. దిక్కు సరిచేసినా వణుకు అలాగే ఉంది.

మూడోచోటు టైర్ల షాపు. కుర్రాడు ఓపికమంతుడు. నాలుగు చక్రాలూ విప్పి ఒక్కొక్కటే మిషను మీద తిప్పాడు. చిన్న చిన్న బరువులు అతికించాడు. నాలుగింటికీ సున్నా వచ్చింది. కారు హైవే ఎక్కింది. 90లో మళ్లీ వణికింది. వెనక్కి వస్తే మళ్లీ మిషను మీద పెట్టాడు. మళ్లీ సున్నాయే!

'మిషను సున్నా సూపిస్తంది బాబాయ్‌. మరింకేటి సెయ్యమంటారు?' అన్నాడు కుర్రాడు. అబద్ధం చెప్పలేదు. మిషనూ అబద్ధం చెప్పలేదు.

ఆవిడ మళ్లీ ఆయన చేతుల వైపు చూసింది.

పాత చక్రాల సాక్ష్యం

రెండు రోజులు పెద్దాయన ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. మూడోరోజు పొద్దున్నే పెరట్లోని పాకలోంచి పాత ఇనుప చక్రాలు బయటికి తీయించాడు. టైర్లతో సహా అలాగే ఉన్నాయి. ఎదురింటి కుర్రాడిని సాయం పిలిచి, జాకీ ఎత్తించి, నాలుగూ మార్పించాడు. గాలి సరిచూసుకుని భార్యను పిలిచాడు.

'పద... ఓసారి లంకెలపాలెం దాకా వెళ్లొద్దాం.'

'ఇప్పుడెందుకండీ?'

'పని ఉంది.'

అదే కారు. అదే రోడ్డు. అవే చేతులు. 80 వచ్చింది. 90 వచ్చింది. స్టీరింగు కదలకుండా నిలబడింది. ఆయన ఒక చేతిని తీసి, రెండో చేతిని స్టీరింగు మీద తేలిగ్గా ఆనించాడు. ఆవిడ ఆ చేతిని చూస్తూ కూర్చుంది. వెనక్కి తిప్పాక నెమ్మదిగా, 'అయితే వణికింది మీరు కాదన్నమాట' అంది. ఆ రాత్రి ఫోనులో కొడుక్కి ముందుగా చెప్పిన మాటా అదే.

ఏది మారాక తేడా వచ్చిందో దాన్ని పాత స్థితికి తెచ్చి చూడటం... ఫిట్టర్లకు ఇది ఓనమాలలాంటిది. ఒకసారి ఒకటే మార్చాలి, చూడాలి, తర్వాతే రెండోది. ఈ పనికి ఖర్చు లేదు. బాల్‌ జాయింట్లూ, బుష్షులూ, చేతి నరాలూ అన్నీ ఒక్క పూటలో నిర్దోషులని తేలిపోయాయి. పాత చక్రాలు లేనివాళ్లు ముందు చక్రాలను వెనక్కీ, వెనకవాటిని ముందుకూ మార్చి చూడొచ్చు. వణుకు స్టీరింగులోంచి సీటులోకి మారితే తప్పు చక్రాలతోపాటే నడిచి వెళ్లిందన్నమాట. ఎక్కడికీ కదలకపోతే అప్పుడు కారు సంగతి చూడాలి.

కొడుకు మాత్రం నొచ్చుకున్నాడు. 'తీసేయండి నాన్నా. తెలియక కొన్నాను' అన్నాడు.

'చక్రాలు మంచివేరా. వాటి కూర్చోవడమే సరిగ్గా లేదు' అన్నాడు పెద్దాయన.

ఇరుసుకూ కన్నానికీ మధ్య

ఎడ్లబండి చక్రం చూసినవాళ్లకు ఈ సంగతి సులువుగా అర్థమవుతుంది. నడుమ చెక్క కుండ, దాన్నుంచి ఆకులు, వాటి చుట్టూ కొలిమిలో ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోసి బిగించిన ఇనుప పట్టా. ఆ చక్రం ఎంత గుండ్రంగా ఉన్నా, కుండ కన్నానికీ ఇరుసుకూ పొంతన లేకపోతే బండి తిన్నగా నడవదు. కన్నం అరిగి వదులైన చక్రం అటూఇటూ ఊగుతుంది. బండి వేగానికి అది పెద్ద ప్రమాదం కాదు. సెకనుకు 13 చుట్లు తిరిగే చక్రానికి అలా కాదు.

కారు చక్రాన్ని పట్టుకునే హబ్బు మధ్యలో గుండ్రంగా పొడుచుకొచ్చిన భాగం ఒకటుంటుంది. కంపెనీ చక్రం మధ్య కన్నం దానికి సరిపోయేలా ఉంటుంది. పెట్టగానే చక్రం దానంతటదే నడిమధ్యకు వచ్చి కూర్చుంటుంది. ఐ20లో ఈ కొలత 54.1 మిల్లీమీటర్లు. నట్లుండే వలయం 100 మిల్లీమీటర్లు, నట్లు 4. విడిగా అమ్మే అల్లాయ్‌ చక్రాల తయారీదారులు ఒక్కో కారుకు ఒక్కో కన్నం పెట్టరు. ఎక్కువ కార్లకు పట్టేలా పెద్దగా పెడతారు. 73.1 మిల్లీమీటర్ల కన్నం ఇలాంటి చక్రాల్లో తరచూ కనిపించేదే. నాలుగు నట్లూ సరిపోతాయి కాబట్టి చక్రం బిగుసుకుంటుంది. బయటి నుంచి చూస్తే అంతా బాగానే ఉంటుంది.

పెద్దాయన తన పాత పెట్టెలోంచి వెర్నియర్‌ కాలిపర్‌ తీసుకుని టైర్ల షాపుకు వెళ్లాడు. అల్లాయ్‌ చక్రం కన్నం కొలిచాడు... 73.1. హబ్బు కొలిచాడు... 54.1. 'ఇది సూడు బాబూ' అని కుర్రాడికి చూపించాడు. చుట్టూ తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల ఖాళీ! చూపుడు వేలి కొస దూరేంత సందు.

మిషను సున్నా చూపించినా కారు వణికిన రహస్యం ఆ సందులోనే ఉంది. బ్యాలెన్సింగ్‌ మిషను చక్రాన్ని మధ్య కన్నంలో శంఖంలాంటి ముక్క దూర్చి పట్టుకుంటుంది. అంటే అసలైన నడిమధ్య నుంచి తిప్పుతుంది. కారు మాత్రం దాన్ని నట్లతో పట్టుకుంది. ఏటవాలు అంచున్న నట్లు చక్రాన్ని మధ్యకు తేగలవు. అయితే అందుకు చక్రం గాల్లో ఉండగా, నాలుగింటినీ ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. గాలి గన్నుతో మొదటి నట్టును ఒక్క పట్టున బిగించేస్తే చక్రం ఎటు వాలి ఉందో అటే ఉండిపోతుంది. ఆ వాలు కంటికి కనిపించదు. అర మిల్లీమీటరు ఉంటుందంతే. కానీ టైరుతో కలిపి 16 కిలోలుండే చక్రం అర మిల్లీమీటరు పక్కకు కూర్చుంటే, 15 అంగుళాల రిమ్ము అంచున 40 గ్రాములకు పైగా బరువు అతికించినంత తేడా వస్తుంది. మిషను మీద గ్రాముల లెక్కన చేసిన పనంతా నట్లు బిగించే ఆ అర నిమిషంలో పోతుందన్నమాట!

ఆ సందును నింపడానికే హబ్‌ రింగులున్నాయి. బయటి కొలత 73.1, లోపలి కొలత 54.1 ఉండే గాజుల్లాంటి రింగులు. ప్లాస్టిక్‌వీ ఉంటాయి, అల్యూమినియంవీ ఉంటాయి. ఇవి కారు బరువు మోయవు. నట్లు బిగిశాక బరువు మోసేది ఒకదానికొకటి గట్టిగా అదుముకున్న హబ్బు ముఖమూ చక్రం ముఖమూ. బిగించేదాకా చక్రాన్ని నడిమధ్యన ఉంచడమే రింగు పని. ఖరీదైన సామానేమీ కాదు. విశాఖపట్నం నుంచి తెప్పించిన నాలుగు రింగుల ఖర్చు వందల్లోనే తేలింది.

మిగిలిపోయిన కాస్త

రింగులు పెట్టేముందు పెద్దాయన హబ్బు ముఖం మీది తుప్పును ఇనుప బ్రష్షుతో గీకించాడు. తుప్పు పెచ్చో మట్టి పెళ్లో మధ్యలో ఇరుక్కుంటే చక్రం ఒక పక్కకు వంగి కూర్చుంటుంది. ఆపైన రింగు, చక్రం, చేత్తో బిగించిన నట్లు, ఎదురెదురుగా తిప్పిన పానా... చివర్లో కారు నేల మీదికి దిగాక టార్క్‌ రెంచి. ఇలాంటి చిన్నకార్లకు నట్లు బిగించాల్సిన బలం 100 న్యూటన్‌ మీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. కచ్చితమైన అంకె కారుతో ఇచ్చే పుస్తకంలో దొరుకుతుంది. తక్కువైతే నట్లు వదులవుతాయి. ఎక్కువైతే బోల్టుల మరలు దెబ్బతింటాయి, రోడ్డు మీద పంక్చరైన రోజున విప్పడం ఎవరి తరమూ కాదు.

హైవే మీద స్టీరింగు నిలబడింది. కానీ సీటు కింద ఏదో సన్నటి జలదరింపు మిగిలింది. ముందు పెద్ద వణుకు ఉన్నన్నాళ్లూ ఇది తెలియలేదు. పెద్దజ్వరం తగ్గాక కాలి ముల్లు గుర్తొచ్చినట్టు! స్టీరింగు కాదు, సీటు... కాబట్టి వెనక చక్రాలు. ఎడమ వెనక చక్రం విప్పి లోపలి వైపు చూస్తే, అతికించిన బరువుల పట్టీలో సగం లేదు. దుమ్ము తుడవకుండా అతికిస్తే ఆ జిగురు ఎన్నాళ్లో నిలవదు. దానికి తోడు రిమ్ము లోపల ఎండిన పొలం మట్టి ఓ పక్కన పెళ్లలా అంటుకుని ఉంది. కుర్రాడు మట్టి కడిగి, రిమ్ము తుడిచి ఆరబెట్టి, మళ్లీ మిషను ఎక్కించి బరువులు అతికించాడు. ఆ జలదరింపూ పోయింది.

ఒక రోగానికి ఒకే కారణం ఉండాలని లేదు. ఒకటి తీసేస్తేనే రెండోది కనిపిస్తుంది. మొదటిది తీసినా పూర్తిగా తగ్గలేదు కదా అని 'ఇది కాదు కారణం' అనుకుంటే మళ్లీ మొదటికే వస్తాం.

పర్సు తీసేముందు

ఇలాంటి వణుకు వచ్చిన ఇంట్లో ముందు చేయాల్సినవి డబ్బు అక్కర్లేని పనులే. చక్రాల లోపలి మట్టి కడగడం. గాలి సరిగ్గా ఉందో లేదో చూడటం. నట్లన్నీ బిగుతుగా ఉన్నాయేమో చూసుకోవడం. కొత్త చక్రాలు వేయించాక 80 నుంచి 100 కిలోమీటర్లు తిరిగి, నట్ల బిగువు మరోసారి చూపించుకోవడం తప్పనిసరి. ఆ తర్వాత చక్రాలు మార్చి చూడటం. అప్పటికీ తేలకపోతే వందల్లో అయ్యే బ్యాలెన్సింగ్‌, హబ్‌ రింగులు. చక్రాన్ని జాకీ మీద తిప్పుతూ రిమ్ము, టైరు ఎగుడుదిగుడుగా తిరుగుతున్నాయేమో చూడమనాలి. వేలల్లో అయ్యే జాయింట్లూ, స్టీరింగు భాగాలూ చివరి మాట. కొనేటప్పుడే చక్రం మధ్య కన్నం ఎంత, రింగులు ఇస్తారా, నట్ల అంచు ఈ చక్రానికి సరిపోతుందా అని అడిగితే ఇంత దూరం రానే రాదు. అల్లాయ్‌ చక్రాల్లో కొన్నింటికి ఏటవాలు నట్లు కావాలి, కొన్నింటికి గుండ్రటి అంచువి కావాలి. ఒకదానికి ఇంకోటి వాడటం ప్రమాదం.

ఇంకో మాట. అప్పటిదాకా లేని వణుకు ఒక్కసారిగా పెరిగినా, చక్రం దగ్గర టకటకమని చప్పుడు వచ్చినా, టైరు పక్కన బుడిపె కనిపించినా పరీక్షలు చేస్తూ నడపకూడదు. వేగం తగ్గించి, రోడ్డు పక్కన ఆపేసి, అక్కడికే సాయం పిలవాలి. నట్లు వదులైన చక్రం ఊడిపోవడానికి ఎక్కువ సేపు పట్టదు.

ఆ నెల గుండె డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు కారు నడిపింది పెద్దాయనే. పక్క సీట్లో కూర్చున్నావిడ గాజువాక దాకా హాయిగా కునుకు తీసింది. కొడుకు కుదిర్చిన డ్రైవరుకు రావద్దని ముందే ఫోన్‌ చేసి చెప్పేశారు.

వెర్నియర్‌ కాలిపర్‌ మాత్రం ఇంటికి తిరిగి రాలేదు. 'నాకిప్పుడు దీనితో పనేముందిరా' అంటూ పెద్దాయన దాన్ని టైర్ల షాపు కుర్రాడికి ఇచ్చేశాడు. ఇప్పుడది బ్యాలెన్సింగ్‌ మిషను పక్కన ఓ మేకుకు వేలాడుతోంది. అల్లాయ్‌ చక్రాలతో ఎవరొచ్చినా కుర్రాడి చేయి ముందు దాని మీదికే పోతుంది.

'సున్నా సంగతి తరవాత సూద్దామండి. ముందు కన్నం కొలవనీండి.'